ఎటు పోయిండు

హైదరాబాదులో ఇప్పుడు బొమ్మ కనపడే రేడియో వచ్చిందట. టెలివిజన్. నేను పనిచేసే చక్కెర ఫ్యాక్టరీ కాంటా దగ్గర చెరుకు బండ్లు తూచే ఒకాయన బంధువుల ఇంట్లో చూసి వచ్చి, అందులో మనుషులు బెత్తెడంత ఉంటారనీ, ఏడిస్తే మాత్రం మామూలు సైజులోనే ఏడుస్తారనీ అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. అది కొన్నేళ్ళు ముందే వచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అనుకున్నాను. బోధన్‌లో ఒక చలికాలమంతా హోటలు నిండా జనం కూర్చుని అన్ని కథలు అల్లాల్సిన పని ఉండేది కాదు. గోడ మీది ఫోటో ఒక్కసారి కనపడి ఉంటే చాలు.

మా ఇల్లు చాచా హోటలు వెనక. చాచా మాకు చుట్టమేమీ కాదు. బోధన్‌లో సగం మందికి ఆయన చాచానే, మిగతా సగం ఆయనకు చాయ్ బాకీ ఉన్నవాళ్ళు కాబట్టి ఏమీ అనకుండా తప్పుకుని నడిచేవాళ్ళు. హోటలుకూ మా పెరడుకూ మధ్య ఒకటే గోడ. క్రషింగ్ సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు నుంచి మొదలైన చెరుకు బండ్ల వరస హోటలు దాటి ఎంతో దూరం ఉండేది. వంతు వచ్చేదాకా బండ్లవాళ్ళు చేసేదేమీ లేదు. వాళ్ళను బెంచీల మీద కూర్చోబెట్టడానికి చాచా ఒక రేడియో కొన్నాడు. దానికి పూల గుడ్డ కప్పి, దస్తీతో దులిపి, వేడెక్కేదాకా పక్కన నిలబడి పసిపిల్లను చూసినట్టు చూసేవాడు. ఆ రేడియో గోడకు ఆనించి ఉండేది. అవతల మా అక్క పసుపు దంచేది.

అక్క అప్పటికి మా ఇంట్లోనే ఉంటోంది. బావ తాపీ పనివాడు. బోధన్‌లో ఇళ్ళు కట్టేవాళ్ళ కంటే కట్టించుకునేవాళ్ళు తక్కువ. అందుకని ఒక మేస్త్రీ వెంట కృష్ణ మీద కడుతున్న డ్యాం పనికి వెళ్ళాడు. తిరిగి వచ్చేదాకా అక్కను మా ఇంట్లో ఉంచి వెళ్ళాడు. వానాకాలంలో ఒకరోజు ఆయన రేకు పెట్టె మా ఇంటికి వచ్చింది. ఆయన రాలేదు.

పెట్టె తెచ్చింది కోస్తా మనిషి. కాలువ కింద పొలాలు కొనుక్కుని ఉంటున్న కోస్తావాళ్ళ ఊళ్ళను మా దిక్కు క్యాంపులంటారు. ఆయన ఏదో క్యాంపులో చుట్టాలింటికి వెళుతూ మా గడపలో దిగాడు. నేను ఇంట్లో లేను. అక్కా, అవ్వా ఉన్నారు. అమ్మను మేం అవ్వ అంటాం. ఆ రోజు జరిగిన మాటలు మా అవ్వ వచ్చినవాళ్ళకల్లా చెప్పింది కాబట్టి నాకు నోటికి వచ్చేశాయి.

"తెల్ల పంచె, భుజమ్మీద తువ్వాల. 'మీ ఆయన పోయారండి' అన్నడు. 'ఎటు పోయిండు?' అన్నది బిడ్డ. గాయిన ఏం మాట్లాడలే. జరసేపాగి 'జ్వరం పడ్డారండి, పోయారు' అన్నడు. 'జరం తగ్గిందన్నట్టా?' అని నేనడిగిన. తల వంచుకుని నిలవడ్డడు. పెట్టె ఆడ వెట్టిండు, రెండు చేతులెత్తి దండం వెట్టిండు, ఎనకకు సూడకుంట నడిసిండు. చాయ్ తాగుమంటే గుడ తాగలే. క్యాంపోళ్ళు గట్లనే, మస్తు మర్యాద."

పెట్టెలో రెండు అంగీలు, ఒక తువ్వాల, తాపీ ఉన్నాయి. దాని మీద ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. పెట్టె ముందు పంపాడంటే వెనక తాను వస్తున్నట్టే అని అవ్వ. పని ముట్టు కూడా వదిలేశాడంటే ఎవతెనో చూసుకుని అటే వెళ్ళాడని బాపు. బాపు నాలుగైదు క్యాంపులు తిరిగి ఆ పంచె మనిషి కోసం అడిగాడు. క్యాంపుల్లో అందరివీ తెల్ల పంచెలే. చెప్పులు అరిగాక మానేశాడు. అక్క ఏ పార్టీలోనూ చేరలేదు. పెట్టెను మంచం కిందికి తోసి, కొట్టువాళ్ళ దగ్గర పసుపు కొమ్ములు తెచ్చి దంచడం మొదలుపెట్టింది.

పండగల కాలం దాటాక ఒక సంబంధం వచ్చింది. కోటగిరి దిక్కు రైతు. భార్య చనిపోయింది, ఇద్దరు చిన్న పిల్లలు. మాలో మారుమనువు తప్పు కాదు. మొగుడు వదిలేసి వెళ్ళాడని నలుగురు ఒప్పుకుంటే చాలు, కొత్త చీర పెట్టి తీసుకెళ్ళవచ్చు. బాపు ఒప్పుకున్నట్టే. అక్క ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

"ఏమన్న చెప్పు బిడ్డా. గాయిన ఎన్ని దినాలని ఆగుతడు?" అన్నాడు బాపు.

"సూద్దాం తియ్యి బాపూ," అంది అక్క. ఆమె అప్పట్లో అంతకన్నా పొడుగైన మాట మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు.

చాచా రేడియోలో ఆదివారం మధ్యాహ్నం ఒక నాటకం మొదలైంది. వారం వారం సాగేది. మొదటి వారం కరెంటు లేదు. రెండో వారం నుంచి విన్నాం. ఒక పెద్ద ఇల్లు, దాని కోసం కొట్టుకునే అన్నదమ్ములు, వాళ్ళ మధ్య ఆ ఇంటి పెద్ద కోడలు. అందరూ కోస్తా భాష మాట్లాడేవాళ్ళు, ఏడ్చినా చదువుకున్నవాళ్ళలా ఏడ్చేవాళ్ళు. ఆమె మాత్రం బండ్లవాళ్ళందరికీ నచ్చింది. ప్రతి వారం ఎక్కడో ఒకచోట ఆమె గొంతు తగ్గించి "ఆయన పోయినప్పటి నుంచీ ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటున్నారు?" అనేది. వెనక వయొలిన్. చాయ్ గ్లాసులు ఆగిపోయేవి.

మాకు పట్టుకున్నది అదే. ఇంటి తగాదా ఎవరికి కావాలి, మా ఇళ్ళలో అది రోజూ ఉచితంగా దొరుకుతుంది. ఆమె భర్త, ఆ ఇంటి పెద్దాయన, ఎటు వెళ్ళాడు? ఎందుకు వెళ్ళాడు? అంత మంది అన్నదమ్ములుండి ఒక్కడూ వెతకడానికి బయలుదేరడేమి? ఆమె ఆయన ఫోటో ముందు నిలబడి మాట్లాడుతుందే గాని, ఎక్కడున్నాడని ఎవరినీ అడగదేమి? నాటకం అరగంట ఉండేది. ఈ ప్రశ్నలు తర్వాతి ఆదివారం దాకా ఉండేవి.

చాచాకు సందేహమే లేదు. "బొంబాయి. ఇంగెటు పోతడు? ఇల్లిడిసినోడు ఎవడన్న బొంబాయికే పోతడు. మా మామూ గుడ గంతే. నేను కసం తిని జెప్త, గాడు ఆడ మిల్లుల ఉన్నడు."

"మిల్లుల లేడు, ఏం లేడు," అనేవాడు గోడ పక్క బెంచీ మీద కూర్చున్న మనిషి. "గాయిన్ని పులి తిన్నది."

ఆ మనిషి కోటగిరాయన. మా అక్కను అడిగిన ఆయనే. చెరుకు తోలుకొచ్చిన ప్రతిసారీ అదే బెంచీ, గోడ పక్క కొస. ఆయన లెక్క ఇలా ఉండేది. నాటకంలో గోదావరి దాటే ముచ్చట ఒకసారి వచ్చింది. గోదావరి మన దగ్గర కూడా ఉంది. అది దాటి ఇటు వచ్చినవాడు నడుచుకుంటూ నడుచుకుంటూ సిరికొండ అడవిలో పడి ఉంటాడు. సిరికొండ అడవిలో పులి ఉంది. ఇంకేం కావాలి?

"గోదారి కాడికెల్లి సిరికొండ దాకా నడిసిండా? నడుమల నిజామాబాద్‌ల బస్సు దొరకలేదా?" అన్నాను నేను.

"నీకేమెర్క పిల్లగా. మనసు ఇరిగినోడు బస్సెక్కడు."

"గట్లయితే నిజామాబాద్ కంఠేశ్వర్ గుడి కాడ జర ఆగి, చాయ్ తాగి పోతుండె."

"నవ్వు, నవ్వు. గని గామె ఇంక ఎదురుసూసుడు దండుగ," అనేవాడు కోటగిరాయన. ఆ ఒక్క మాట మాత్రం గొంతెత్తి గోడకేసి అనేవాడు. ఆయన పులి వారం వారం కొంచెం పెద్దదయ్యేది.

నన్ను కూడా అడిగేవాళ్ళు. కాంటా దగ్గర నాకు జోకర్ అని పేరు. పేరు పెట్టాక దాని పని చేయకపోతే ఊరుకోరు. "గాయిన ఏడికి పోలే. పక్క అర్రలనే ఉన్నడు. గొంతిచ్చేటోనికి పైసలియ్యలేక రేడియోవోళ్ళు గాయిన్ని మాట్లాడనిస్తలేరు," అన్నాను. అందరూ నవ్వారు. తర్వాత బొంబాయికీ పులికీ తిరిగి వెళ్ళారు. నా సిద్ధాంతం మరీ చౌకగా ఉందని ఎవరికీ నచ్చలేదు.

గోడ అవతల అక్క రోకలి ఆపి వినేది. నాటకం అయిపోగానే మళ్ళీ దంచేది. ఈ సిద్ధాంతాలన్నీ ఆ ధన్ ధన్ చప్పుడు మీదుగానే నడిచేవి. ఒకరోజు బాపు మళ్ళీ కోటగిరి మాట ఎత్తాడు.

"నాటకం అయిపోనియ్యి బాపూ," అంది అక్క.

"నాటకానికి నీకు ఏం సంబంధమే?"

"గామె ఏం జేస్తదో సూసి చెప్త."

బాపు నా వైపు చూశాడు. ఇది నా జోకు అనుకున్నట్టున్నాడు. కాదని తల ఊపాను. అక్క జోకులు వేయదు. ఆమె రేడియోను నమ్మిందని కాదు. ఎవరో ఒకరు ముందు నడవాలి కదా అన్నట్టు అంది. బావ వస్తాడా, రాడా అన్నది మా ఇంట్లో ఎవరూ తేల్చలేకపోయారు. రేడియోలో ఆమె భర్త సంగతి తేల్చడానికి కనీసం రాసినవాడు ఒకడున్నాడు.

చలి ముదిరిన ఒక ఆదివారం నాటకం అయిపోయి, బొంబాయీ పులీ మంచి జోరు మీద ఉన్నప్పుడు, ఒక క్యాంపు రైతు హోటల్లోకి వచ్చి కూర్చున్నాడు. ఆయన బండి కూడా వరసలో ఉంది. చాయ్ పుచ్చుకుని కాసేపు విన్నాడు. మాటల్లో తల దూర్చే మనిషిలా లేడు. కాని పులి దగ్గరికి వచ్చేసరికి ఆగలేకపోయాడు.

"ఏమండీ, మీరు మాట్లాడేది ఆ నాటకంలో పెద్దాయన గురించేనా?"

"గాయిన గురించే," అన్నాడు చాచా.

"ఆయన పోయాడు కదండీ."

"గదే గద మేమనేది. ఎటు పోయిండు?"

"ఎటు ఏమిటండీ? పోయాడు."

"పోయిండు తియ్యి. ఏ దిక్కు పోయిండు?"

"దిక్కేమిటండీ, మనిషి పోయాడంటుంటే!"

"నేను బొంబాయంటున్న, ఈన పులంటుండు. నువ్వేమంటవ్, గది జెప్పు."

"పులేంటండీ బాబూ. గుండె ఆగి పోయాడు. మొదటి వారమే. దినాలు కూడా అయ్యాయి, మంత్రాలు వినపడ్డాయి కదా. మీరు వినలేదా?"

మొదటి వారం మా దగ్గర కరెంటు లేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు అంతకన్నా మంచిది తట్టింది.

"గుండె ఆగినంక ఎట్ల పోతడు వయ్యా? ఎవలన్న ఎత్తుకపోయిండ్రా?" అన్నాను.

హోటలు గొల్లుమంది. ఆ సీజన్‌లో నేను వేసిన వాటిలో అదే పెద్దది. క్యాంపాయన గ్లాసు కింద పెట్టి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పాడు.

"చచ్చిపోయాడయ్యా! మా వైపు మనిషి పోయాడంటే చచ్చిపోయాడని. ఊరికి వెళితే వెళ్ళాడంటాం."

 చాచా నవ్వడం మొదలుపెట్టాడు, చేతిలో కెటిల్ ఊగి పొయ్యి మీద చాయ్ ఒలికింది. "యా అల్లా! గిన్ని దినాలు నేను పీనిగెను బొంబాయి రైలెక్కిస్తున్న!" అన్నాడు. బండ్లవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు మొదట మానింది కోటగిరాయన. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. అప్పుడు విన్నాను. రోకలి చప్పుడు లేదు.

మా దగ్గర కూడా ఆ మాటకు ఆ అర్థం లేదని కాదు. కాని అలా చెప్పేవాడు గడపలోకి రాకముందే ఏడుస్తాడు, తల కొట్టుకుంటాడు, ఆ ఏడుపును బట్టి మాట అర్థమవుతుంది. 'అండి' చేర్చి, మర్యాదగా, మెల్లగా చెబితే వెళ్ళాడనే అర్థం. బస్సు పోతుంది, మళ్ళీ వస్తుంది. కరెంటు పోతుంది, వస్తుంది. బాపు పొలానికి పోతాడు, వస్తాడు. మీ ఆయన పోయారండి. జ్వరం పడ్డారండి, పోయారు. జరం తగ్గిందన్నట్టా?

గోడ అవతల రోకలి మళ్ళీ మొదలైంది. అదే వేగం.

నేను హోటలు చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళాను. పరుగెత్తలేదు. అక్క దంచుతూనే ఉంది.

"ఇన్నవా?" అన్నాను.

"ఇన్న."

రోట్లోంచి పొడిని చేత్తో తోడి జల్లెట్లో పోసింది. జల్లించింది. మిగిలిన రవ్వను మళ్ళీ రోట్లో పోసింది.

"పొయ్యి... నడువు, గా క్యాంపాయన్ని అడుగు తమ్మీ. జరం పడ్డరు, పోయారు అంటే గుడ గదేనా అని."

వెళ్ళి అడిగాను. హోటల్లో ఇంకా నవ్వులు నడుస్తున్నాయి. ఆయన ఏదో కొత్త జోకు అనుకుని నవ్వబోయి, "ఎవరి గురించండీ?" అన్నాడు. "మా బావ గురించి," అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. భుజం మీద తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. తల వంచుకున్నాడు. అవ్వ ఆ రోజు చూసింది ఇదేనన్నమాట. మర్యాద.

తిరిగి వచ్చేసరికి అక్క నా ముఖం చూసింది.

"గదేనా?"

"గదే."

"గామె మొగడు మొదటి వారమే పోయిండా?"

"మొదటి వారమే."

"మరి గిన్ని వారాలు ఎందుకినిపిచ్చిండ్రు?"

 ఆమె జవాబు కోసం ఆగలేదు. ఆ కొమ్ములు సాయంత్రానికి కొట్టువాళ్ళకు ఇవ్వాలి. అన్నీ దంచింది. ముఖం నిండా, కనుబొమ్మల మీద, ముక్కు పక్కన పసుపు పడి ఉంది. కన్నీళ్ళు వస్తే దాని మీద చారలు పడాలి. పడలేదు. చారల కోసం వెతికింది నేనే. నాకు కూడా ఏమీ అనిపించలేదు. కాలు మీద ఎక్కువసేపు కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. కాలు ఉందని తెలుస్తుంది, అంతే.

పొద్దుగూకాక అవ్వకు చెప్పాం. అవ్వ ఏడవాల్సిన పద్ధతిలో ఏడ్చింది. వాడకట్టు అంతా వచ్చింది.

"అయ్యో, ఎప్పుడైందవ్వా?"

"వానకాలంల."

"వానకాలంలనా? మరి గిప్పుడు ఏడుస్తున్నరేంది?"

అక్కడి నుంచి విప్పి చెప్పాలంటే నాటకం నుంచి మొదలుపెట్టాలి. పలకరించడానికి వచ్చిన ఒక్కొక్కరికీ ముందు ఆ పెద్ద ఇల్లు, అన్నదమ్ములు, కరెంటు, క్యాంపాయన, ఆ తర్వాత బావ. ఆ పని నాకు అప్పజెప్పారు. కథ బాగా చెబుతానని. కొందరు నడుమ నవ్వారు కూడా. నవ్వాక నోటి మీద కొంగు పెట్టుకున్నారు. వాళ్ళను తప్పు పట్టలేదు. నవ్వొచ్చే చోటు అదే.

బాపు డ్యాం దగ్గరికి వెళ్ళి మేస్త్రీని పట్టుకుని అడిగి వచ్చాడు. నిజమే. విషజ్వరం. పనివాళ్ళే చందా వేసుకుని నది ఒడ్డున దహనం చేశారు. ఆ చోటు చూపించమంటే మేస్త్రీ చెయ్యి చాపి చూపించాడట.

"నీళ్ళున్నయి," అన్నాడు బాపు ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ. "డ్యాంల నీళ్ళు ఆపిండ్రు గద. గా జాగంతా నీళ్ళే."

అవ్వ కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఆ మాట తర్వాత కాళ్ళు కడుక్కోవడానికి బాపు కొంచెం ఆగాడు. దినాలు చేయించాం. ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో అయ్యగారికి కూడా తెలియలేదు. మేం విన్న రోజు నుంచి లెక్కపెట్టాడు. చేసే పనులు చేశారు. అక్క గాజులు తీశారు. ఆమె చేతులు చాపింది, ఎవరో తీశారు.

చాచా నన్ను హోటలు మూలకు పిలిచి చాయ్ ఇచ్చాడు.

"బేటా, ఒక మాట. లాష్ ఎవలు సూసిండ్రు? మీ బాపు శవాన్ని సూసిండా? లేదు గద. మేస్త్రీ మాట ఏం మాట. మీ బావ బొంబాయిల ఉండొచ్చు."

అప్పటిదాకా ఎవరు ఏ కథ చెప్పినా నేను సూది పెట్టి గాలి తీసేవాణ్ణి. ఆయన ముఖం చూశాను. గట్టిగా నమ్ముతున్నట్టు నటిస్తున్నాడు, నటన బాగా రాని మనిషి. "ఉండొచ్చు చాచా," అన్నాను. చాయ్ తాగాను. అందులో చక్కెర ఎక్కువ వేశాడు.

నాటకం చివరి భాగం ఆ తర్వాత వచ్చింది. హోటలు నిండింది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. ఆమె తన గదిలో ఫోటో సర్దుకుంటోంది. "దండ వాడిపోయింది, మార్చాలి," అంది. ఆ దండ మాట ముందు వారాల్లో ఎన్నిసార్లు వచ్చిందో ఇప్పుడు గుర్తొచ్చింది. పువ్వులంటే ఇష్టమేమో అని అప్పుడు అనుకున్నాం. ఇంతలో తలుపు కొట్టిన చప్పుడు. "ఎవరు?" అంది ఆమె. మళ్ళీ కొట్టారు. "ఎవరది?" వయొలిన్. నాటకం సమాప్తమని చెప్పారు. తలుపు కొట్టింది ఎవరో చెప్పలేదు.

మామూలుగానైతే ఆ తలుపు మీద మా వాళ్ళు సీజన్ అయిపోయేదాకా బతికేవాళ్ళు. ఎవరూ నోరు తెరవలేదు. చాచా నా వైపు చూశాడు. నేను గ్లాసులోకి చూశాను. కోటగిరాయన గోడ పక్క బెంచీ మీద కాదు, ఆ రోజు వాకిలి దగ్గర కూర్చున్నాడు. చాయ్ తాగి, పైసలు పెట్టి, లేచి ఎడ్ల దగ్గరికి నడిచాడు.

పెరట్లో అక్క అడిగింది.

"తలుపు ఎవలు కొట్టిండ్రట?"

"చెప్పలే."

"చాచా ఏమన్నడు?"

"ఏమనలే."

"కోటగిరాయన?"

"గాయిన గుడ ఏమనలే."

"పులి?"

"పులి లేదు."

ఆమె రోకలి ఎత్తి కాసేపు దంచింది. గాజులు లేకపోతే రోకలి చప్పుడు వేరుగా ఉంటుందని అప్పుడు తెలిసింది, ఇంకొంచెం మొద్దుగా.

"బాపుకు చెప్పు," అంది. "రమ్మను."

"ఎవలను?"

"నీకెర్క లేదా? కోటగిరాయన్ని. నాటకం అయిపోయింది గద."

సీజన్ ముగిసి బండ్లు పలచబడ్డాక నలుగురినీ పిలిచి కొత్త చీర పెట్టారు. బాజా లేదు. చాచా ఖాళీ హోటల్లో అందరికీ చాయ్ పోశాడు. అక్క తన బట్టలు బావ రేకు పెట్టెలోనే సర్దుకుంది. అందులోంచి తాపీ తీయలేదు. కోటగిరాయన ఆ పెట్టెను తనే ఎత్తి బండిలో పెట్టాడు, బరువు ఎందుకుందని అడగలేదు. పొలిమేర దాటేదాకా వెనక నడిచి వచ్చాను. ఏదో ఒక జోకు చెప్పాలని ఉండింది. పులి జాగ్రత్త అందామనుకున్నాను. అనలేదు.

ఇంటికి వచ్చేసరికి పక్కింటామె వాకిట్లో అవ్వను అడుగుతోంది. "బిడ్డ పోయిందా అక్కా?"

"పో..." అని అవ్వ ఆగింది. నాలుక కరుచుకుంది. "ఎల్లింది. అత్తగారింటికి ఎల్లింది."

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఎక్కడికీ పోరు. వెళతారు. బాపు కాలువ కాడికి ఎల్లిండు, బస్సు ఎల్లింది, కరెంటు గుడ ఎల్లింది అంటాం. కరెంటు ఎల్లిందంటే కాంటా దగ్గర అందరూ పగలబడి నవ్వారు. "మీరెప్పుడు క్యాంపోళ్ళయిండ్రు బై?" అని ఇప్పటికీ అడుగుతారు. నవ్వే ఉద్యోగం వాళ్ళకు అప్పజెప్పాను.

అక్క ఒక్కతే మారలేదు. ఆ ఇద్దరు పిల్లలనూ, తర్వాత పుట్టినదాన్నీ వెంటేసుకుని అప్పుడప్పుడు వస్తుంది. గడపలో చెప్పులు విడుస్తూ, ఇంట్లోకి తొంగి చూసి, ఎప్పటిలాగే అడుగుతుంది.

"బాపు ఏడి? ఎటు పోయిండు?"

అవ్వ చేతిలో పని ఆగుతుంది.  అక్క ఏమీ గమనించనట్టు పిల్ల ముక్కు తుడుస్తూ ఉంటుంది, జవాబు కోసం చూస్తూ.

"బజారుకు," అంటాను. "ఇప్పుడే వస్తడు."